ప్రింటర్ మార్చాలా, డ్రైవర్ మార్చాలా?

తూర్పు గోదావరి జిల్లాలోని ఒక మండల కేంద్రం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. జూనియర్ కాలేజీ ఎదురుగా భార్యాభర్తలిద్దరూ జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నారు. ఆయన బయటి పనులు చూసుకుంటారు. కౌంటర్‌లో కూర్చుని ప్రింట్లు తీసేది ఈవిడే. సంక్రాంతికి వచ్చిన తమ్ముడు షాపులో కంప్యూటర్ చూసి, "అక్కా, విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావు. ఇందులో జనం ఆధార్‌లు, పాస్‌బుక్‌లు తెరుస్తున్నావు, మంచిది కాదు" అని కనుమ రోజు రాత్రి కూర్చుని విండోస్ 11 ఎక్కించి వెళ్లాడు.

మర్నాటి నుంచి ప్రింటింగ్ నత్తనడక అయిపోయింది. ప్రింట్ ఇచ్చాక నిమిషం దాకా మెషిన్ కదలదు. కదిలాక కూడా ఒక పేజీ వచ్చి ఆగుతుంది, మళ్లీ ఆలోచించి ఇంకో పేజీ ఇస్తుంది. ఇంతకుముందు అర నిమిషంలో వచ్చే పది పేజీలకు ఇప్పుడు ఆరు నిమిషాలు పడుతోంది. ఇంటర్ పరీక్షల రోజులు. పిల్లలు ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్‌లో వచ్చిన హాల్‌టికెట్లు ఫోన్‌లో పట్టుకుని వస్తున్నారు, కాసేపు నిలబడి చూసి పక్క షాపుకి వెళ్లిపోతున్నారు. మెకానిక్ వచ్చి చూసి లోపల కార్డు పోయిందని, ఈ మెషిన్ మీద డబ్బు పెట్టే బదులు కొత్తది తీసుకోమని చెప్పాడు. 22 వేలట. రోజువారీ ఫైనాన్స్‌లో తీసుకుందామని భర్త అంటున్నారు. అంతటితో ఆగకుండా "మీ తమ్ముడు వచ్చి చెడగొట్టిపోయాడు" అని రోజూ ఒకసారి అంటున్నారు. ఆ మాట తమ్ముడి చెవిన పడి అతను ఫోన్ చేయడం మానేశాడు.

ఉత్తరం చివర్లో ఇంకో మూడు సంగతులు రాశారు. అదే మెషిన్ మీద జిరాక్స్ మాత్రం ఎప్పటిలాగే వేగంగా వస్తోంది. కంప్యూటర్‌లో ప్రింటర్ పేరు ఇప్పుడు రెండుసార్లు కనిపిస్తోంది, రెండోదాని పక్కన 'కాపీ 1' అని ఉంది. డిగ్రీ చదివే అమ్మాయి లాప్‌టాప్‌కి ఒక రోజు యూఎస్‌బీ వైరు తగిలించి ప్రింట్ ఇస్తే చకచకా వచ్చేసింది. "ఆ మాట ఇద్దరికీ చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. కొత్తది కొనమంటారా? వద్దంటే ఆయనకు ఎలా చెప్పను?" అని అడిగారు.

అమ్మా, మీరు చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఆ లాప్‌టాప్ మాటే మీ ఉత్తరం మొత్తానికి కీలకం. పాతికేళ్లుగా ఆఫీసుల్లో కంప్యూటర్లు, ప్రింటర్లు చూసుకుంటున్నవాడిగా చెబుతున్నాను, ఇలాంటి సమస్య వస్తే నేను చేసే మొదటి పరీక్ష కూడా అదే. మెషిన్‌ని అలాగే ఉంచి కంప్యూటర్‌ని మార్చి చూడటం. మీకు ఎవరూ చెప్పకుండానే చేశారు. ఫలితం కూడా స్పష్టంగా వచ్చింది. లోపల కార్డు పోయిన మెషిన్ మీ అమ్మాయి లాప్‌టాప్‌ని చూసి బాగైపోదు. జిరాక్స్ వేగంగా వస్తోందంటే డ్రమ్ము, రోలర్లు, పేజీని వేడిచేసే భాగం కూడా బాగానే ఉన్నాయని. కాబట్టి మెషిన్ మీద అనుమానం దాదాపు వదిలేయవచ్చు. మెకానిక్ మోసం చేశాడని నేను అనను. లాప్‌టాప్ పరీక్ష జరిగినప్పుడు అతను అక్కడ లేడు, షాపు కంప్యూటర్ నుంచి ప్రింట్ ఇచ్చి, అది ఈడుస్తుంటే చూసి ఆ మాట అన్నాడు.

అయితే ఆ పరీక్షలో ఒక చిన్న మెలిక ఉంది. మీరు రోజూ షాపు కంప్యూటర్ నుంచి వైఫై మీద ప్రింట్ ఇస్తున్నారు. లాప్‌టాప్‌కి మాత్రం వైరు తగిలించారు. అంటే ఒకేసారి రెండు మారాయి: కంప్యూటరూ మారింది, దారీ మారింది. వేగం రావడానికి ఆ రెండింట్లో ఏది కారణమో ఇంకా తేలలేదు. అది తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ రాత్రి షాపు కట్టేశాక అదే వైరు షాపు కంప్యూటర్‌కే తగిలించండి. కొత్తగా వచ్చిన ప్రింటర్ పేరు మీద పది పేజీలు ఇవ్వండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. రెండు అంకెలు రాసుకోండి. ప్రింట్ నొక్కినప్పటి నుంచి మొదటి పేజీ బయటికి వచ్చేదాకా ఎంత, మొదటి పేజీ నుంచి పదో పేజీ దాకా ఎంత.

ఈ రెండు అంకెలు ఎందుకంటే, మీరు రాసిన తీరు చూస్తే రెండు జబ్బులు కలిసి ఉన్నట్టున్నాయి. మొదట నిమిషం పాటు కదలకపోవడం ఒకటి. కదిలాక పేజీకీ పేజీకీ మధ్య అర నిమిషం ఆగడం ఇంకొకటి. బయటికి రెండూ 'స్లో' లాగే కనిపిస్తాయి గానీ కారణాలు వేరు, మందులు వేరు.

ముందు రెండోదాని గురించి చెబుతాను, షాపు ముందు పిల్లల క్యూ పెరిగేది దానివల్లే. డ్రైవర్ అనేది కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య దుబాసీ లాంటిది. కంప్యూటర్ చెప్పింది ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. ప్రింటర్ కంపెనీ తన మోడల్ కోసం తయారుచేసిన డ్రైవర్‌కి ఆ మెషిన్ భాష బాగా వచ్చు. విండోస్ తనతో పాటు తెచ్చుకునే ఉమ్మడి డ్రైవర్ ఒకటి ఉంటుంది, దాన్ని క్లాస్ డ్రైవర్ అంటారు. దానికి చాలా ప్రింటర్లతో పని జరిగేంత భాష మాత్రమే వచ్చు. విండోస్ మార్చినప్పుడు పాత డ్రైవర్ నచ్చకపోయినా, ప్రింటర్ వైఫైలో మళ్లీ కొత్తగా కనబడినా, కంప్యూటర్ తనంతట తానే ఈ ఉమ్మడి డ్రైవర్‌తో ఇంకో ప్రింటర్‌ని చేర్చేస్తుంది. మీకు కనిపిస్తున్న 'కాపీ 1' అలా వచ్చినదే అయ్యుండాలి. పాతది పక్కకు పోయి, మీరు ఇస్తున్న ప్రింట్లన్నీ కొత్తదాని మీదుగా వెళ్తున్నాయి.

దీనివల్ల ఇంత ఆలస్యం ఎందుకవుతుందంటే, ఒక పేజీని పంపడానికి రెండు పద్ధతులున్నాయి. 'ఫలానా చోట ఫలానా అక్షరం వెయ్యి' అని చెప్పి పంపడం ఒకటి. పేజీ మొత్తాన్ని కంప్యూటర్‌లోనే బొమ్మగా గీసి, ఆ బొమ్మనే మోయించడం ఇంకొకటి. పెళ్లి వంటకి సరుకుల చీటీ పంపడానికీ, వండిన గుండిగలన్నీ బండికెత్తి పంపడానికీ ఉన్నంత తేడా. ఏ4 కాగితం మీద అంగుళానికి 600 చుక్కల లెక్కన చూస్తే ఒక్క పేజీకి దాదాపు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. అదే 1200కి పెడితే నాలుగింతలు, దాదాపు 14 కోట్లు. మెమరీ తక్కువ ఉన్న చిన్న లేజర్ మెషిన్‌కి ఇంత బొమ్మ వైఫై మీద చేరాలి, అది విప్పుకోవాలి, అప్పుడు వేయాలి. మీ హాల్‌టికెట్‌లో ఫొటో, సంతకం కూడా ఉంటాయి కాబట్టి బరువు ఇంకా పెరుగుతుంది. అక్షరాలు మాత్రమే ఉన్న కాగితం కంటే హాల్‌టికెట్ ఎక్కువ ఈడుస్తోందేమో గమనించండి. అలా ఉంటే నేను చెబుతున్నది సరిపోయినట్టే.

ఇప్పుడు మీ స్టాప్‌వాచ్ ఏం చెబుతుందో చూద్దాం. షాపు కంప్యూటర్‌కి వైరు తగిలించినా పేజీల మధ్య అర నిమిషం అలాగే ఉంటే తప్పు డ్రైవర్‌దే. వైరు తగిలించగానే పేజీలు చకచకా వచ్చేసి, పాత పేరుకీ వైరు పేరుకీ డ్రైవర్ ఒకటే అయితే (ఎలా చూడాలో కింద చెబుతాను) డ్రైవర్‌ని వదిలేసి వైఫై దారిని చూడాలి. పేజీల మధ్య ఆలస్యం కాస్త తగ్గి, ఇంకా పాత వేగం రాకపోతే రెండూ ఉన్నాయని. ఒక జాగ్రత్త: వైరు తగిలించగానే మూడో పేరుతో ఇంకో ప్రింటర్ పుట్టవచ్చు. కంగారు పడకండి, పరీక్ష దాని మీదే చేయండి.

డ్రైవర్ అని తేలితే చేయాల్సింది ఇది. ముందుగా ఏ డ్రైవర్ వాడుతోందో కళ్లారా చూడండి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ప్రింటర్స్ అండ్ స్కానర్స్, మీ ప్రింటర్ మీద నొక్కితే 'ప్రింటర్ ప్రాపర్టీస్' వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్' అనే చోట డ్రైవర్ పేరు ఉంటుంది. అక్కడ మీ మోడల్ పేరు కాకుండా 'ఐపీపీ క్లాస్ డ్రైవర్' అని గానీ, మోడల్ పేరు లేకుండా క్లాస్ డ్రైవర్ అని గానీ ఉంటే దొంగ దొరికినట్టే.

ఆ తర్వాత తొందరపడి ఉన్నదాన్ని తీసేయకండి. ముందు కొత్తది చేతిలో ఉండాలి. ప్రింటర్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌కి వెళ్లి, మెషిన్ మీద రాసి ఉన్న మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కొట్టి, విండోస్ 11 పేరు మీద ఉన్న పూర్తి డ్రైవర్ దించుకోండి. విండోస్ 11 పేరు లేకపోతే విండోస్ 10, 64 బిట్‌ది చాలాసార్లు పనిచేస్తుంది. ఒకటి కంటే ఎక్కువ రకాలుంటే, మీ మెషిన్‌కి పీసీఎల్ 6 (పేజీని ప్రింటర్‌కి వివరించే ఒక భాష) అని ఉన్నది ఇస్తుంటే అదే తీసుకోండి, అక్షరాల పనికి అది బాగుంటుంది. ఫైలుని పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టుకోండి.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. గూగుల్‌లో ప్రింటర్ పేరు కొట్టి 'డ్రైవర్' అని వెతికితే కంపెనీవి కాని సైట్లు బోలెడు వస్తాయి. 'మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో సరిచేస్తాం' అనే సాఫ్ట్‌వేర్లు వస్తాయి. ప్రింటర్ కస్టమర్ కేర్ అని టోల్‌ఫ్రీ నంబర్లు వస్తాయి, ఫోన్ చేస్తే మీ స్క్రీన్ వాళ్ల చేతికి ఇవ్వమంటారు. మీ కంప్యూటర్‌లో ఊరి జనం ఆధార్‌లు ఉన్నాయి. వీటిలో దేన్నీ ముట్టుకోకండి. వెబ్‌సైట్ పేరులో కంపెనీ పేరు సరిగ్గా ఉందో లేదో అమ్మాయి చేత కూడా ఒకసారి చూపించుకోండి.

ఫైలు చేతికి వచ్చాక, తేడా వస్తే కంప్యూటర్‌ని వెనకటి స్థితికి తెచ్చుకోవడానికి రీస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకుని, ప్రింటర్ల జాబితాలో మీ మెషిన్ పేరుతో ఉన్నవన్నీ తీసేయండి. పాతదీ, 'కాపీ 1'దీ, అన్నీ. అయితే పేరు తీసేసినంత మాత్రాన లోపలున్న డ్రైవర్ పోదు, చాలామంది ఇక్కడే ఆగిపోయి మళ్లీ అదే డ్రైవర్ వచ్చిందని వాపోతారు. అదే పేజీలో కింద 'ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్' అని ఉంటుంది. అందులో డ్రైవర్స్ అనే చోట మీ ప్రింటర్ కంపెనీ పేరుతో ఉన్నదాన్ని ఎంచుకుని రిమూవ్ నొక్కితే, డ్రైవర్ ఒక్కటేనా, ప్యాకేజీతో సహానా అని అడుగుతుంది. ప్యాకేజీతో సహా అనండి. విండోస్ సొంత క్లాస్ డ్రైవర్ల జోలికి పోకండి. 'వాడుకలో ఉంది' అని మొరాయిస్తే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ప్రింటర్ ఆపి ఉంచి మళ్లీ ప్రయత్నించండి. అప్పుడు కంపెనీ డ్రైవర్ ఎక్కించండి. వైరు ఎప్పుడు తగిలించాలో అదే అడుగుతుంది, అడిగేదాకా తగిలించకండి. ముందే తగిలిస్తే విండోస్ మళ్లీ తన ఉమ్మడి డ్రైవర్‌నే పెట్టేస్తుంది.

ఎంత ప్రయత్నించినా కంపెనీ డ్రైవర్ ఎక్కకపోతే ఒకచోట చూడండి. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' అని ఒకటి వచ్చింది, అదే ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలో ఉంటుంది. అది ఆన్ చేసి ఉంటే బయటి కంపెనీల డ్రైవర్లు పనిచేయవు. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, కానీ భద్రత గురించి ఆలోచించే మీ తమ్ముడు మంచికే ఆన్ చేసి ఉండవచ్చు. చేసి ఉంటే ఆపేసి, ప్రింటర్‌ని మళ్లీ చేర్చుకోవాలి.

ఇక మొదటి నిమిషం సంగతి. వైరుతో అది కూడా పోయిందంటే పోర్టు దగ్గర, అంటే కంప్యూటర్ ప్రింట్‌ని మెషిన్‌కి పంపే దారి దగ్గర ఇబ్బంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో 'పోర్ట్స్' అనే చోట మీ ప్రింటర్ ఎదురుగా డబ్ల్యూఎస్‌డీ అని మొదలయ్యే పేరు ఉందేమో చూడండి. అది ప్రింటర్‌ని వైఫైలో తనంతట తానే వెతికి పట్టుకునే పద్ధతి. కలపడానికి సులువే గానీ, కొన్నిచోట్ల ప్రతి ప్రింట్‌కీ 'ఉన్నావా? ఎక్కడున్నావు?' అని వెతుక్కుంటూ కూర్చుంటుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇదే జరిగింది. రెండు నెలల పాటు అందరూ ప్రింటర్‌ని తిట్టుకున్నారు. పోర్టు మార్చి, నేరుగా ప్రింటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు) ఇచ్చిన రోజు నుంచి నొక్కగానే పేజీ వచ్చింది. ఆ రెండు నెలలూ ముందుగా పోర్టు చూడనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీకు ఇక్కడ రెండు దారులున్నాయి. షాపులో ఉన్నది ఒక్క కంప్యూటరే కాబట్టి వైఫైని మానేసి వైరునే శాశ్వతంగా ఉంచేసుకోవడం ఒకటి. నాకైతే ఇదే నచ్చుతుంది. ఐదు మీటర్లకు మించని మంచి యూఎస్‌బీ వైరు, గోడ వెంట బిగిస్తే కాళ్లకు తగలదు. దీనివల్ల నష్టం ఏమిటంటే మెషిన్‌ని కంప్యూటర్‌కి దగ్గరగా ఉంచాలి. మీవారు ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇస్తుంటే, చాలా మెషిన్లలో వైరూ వైఫై రెండూ కలిసి పనిచేస్తాయి, మీ దాంట్లో అవుతుందో లేదో ఒక్క ప్రింట్ ఇస్తే తెలుస్తుంది. రెండో దారి, వైఫైనే ఉంచుకుని, నేరుగా ఆ అడ్రస్‌కే పంపే 'స్టాండర్డ్ టీసీపీ/ఐపీ' పోర్టు పెట్టుకోవడం. అలా చేస్తే రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి ఒకే అడ్రస్ ఉండేలా కేటాయించి తీరాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన రోజు రౌటర్ ఇంకో అడ్రస్ ఇవ్వవచ్చు, అప్పుడు మీరిచ్చిన ప్రింట్ ఎవరూ లేని ఇంటికి వెళ్లిన ఉత్తరం అవుతుంది. ఆ పోర్టు పెట్టాక ప్రింటర్ బాగానే ఉన్నా 'ఆఫ్‌లైన్' అని చూపిస్తే, 'కాన్ఫిగర్ పోర్ట్'లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అనే టిక్ తీసేయండి.

అయితే వైరుతో కూడా మొదటి పేజీకి పది పదిహేను సెకన్లు పడితే అది జబ్బు కాదు. లేజర్ మెషిన్ నిద్రలోంచి లేచి వేడెక్కడానికి ఆ మాత్రం పడుతుంది.

చిన్న చిన్నవి ఇంకొన్ని. బ్రౌజర్‌లోంచే ప్రింట్ ఇస్తుంటే, అదే హాల్‌టికెట్‌ని పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి ఇచ్చి చూడండి. అడోబ్ రీడర్‌లో ప్రింట్ నొక్కాక 'అడ్వాన్స్‌డ్'లో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అనే టిక్ ఉంటే తీసేయండి. క్వాలిటీ 1200లో ఉంటే 600 చేయండి, హాల్‌టికెట్‌కి 600 ధారాళంగా సరిపోతుంది. ఏదైనా ప్రింట్ మధ్యలో ఇరుక్కుని వెనకవాటిని కూడా ఆపేస్తుంటే, సర్వీసెస్‌లో ప్రింట్లను వరుసలో పెట్టి పంపే 'ప్రింట్ స్పూలర్'ని ఆపి, సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్ లోపలున్న ఫైళ్లు మాత్రం తుడిచేసి, స్పూలర్‌ని మళ్లీ మొదలుపెట్టండి.

ఆ పని చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌లో వందల కొద్దీ ఫైళ్లు కనబడితే ఒకచోట చూడాలి. ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో 'కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్' అనే టిక్ ఉంటుంది. అది పెట్టి ఉంటే మీరు తీసిన ప్రతి ప్రింటూ కంప్యూటర్‌లో అలాగే మిగిలిపోతుంది, ఎవరి ఆధార్, ఎవరి పాస్‌బుక్ అనే తేడా లేకుండా. తీసేయండి. వాట్సాప్‌లోంచి దించిన హాల్‌టికెట్లను కూడా ఏ రోజుకారోజు సాయంత్రం డౌన్‌లోడ్స్‌లోంచి తుడిచేయండి. ఆ పిల్లలు మిమ్మల్ని నమ్మి ఇస్తున్న కాగితాలవి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, కొనాలా వద్దా. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఇప్పుడే కొనకండి. 22 వేలు ఫైనాన్స్‌లో తెస్తే వడ్డీ ఎటూ ఉంటుంది, దానికి తోడు కొత్త మెషిన్‌కి కొత్త టోనర్, మీ దగ్గర మిగిలిన పాత టోనర్లు పనికిరావు. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్తది తెచ్చి అదే కంప్యూటర్‌కి అదే వైఫైలో కలిపితే విండోస్ దానికి కూడా అదే ఉమ్మడి డ్రైవర్‌ని, అదే రకం పోర్టుని పెట్టవచ్చు. కొత్త మెషిన్ కాస్త మెరుగ్గా నడవచ్చు, నడవకపోవచ్చు. పైగా ఇది మీ ఒక్కరి సమస్య కాదు. ప్రింటర్ కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని 2023 సెప్టెంబరులోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ముందు ముందు విండోస్ తన క్లాస్ డ్రైవర్ వైపే మొగ్గుతుంది. కంపెనీ సైట్ నుంచి మనమే డ్రైవర్ తెచ్చి పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఎప్పుడు కొనాలో కూడా చెబుతాను, గుడ్డిగా వద్దనడం నా ఉద్దేశం కాదు. మీ మోడల్‌కి కొత్త విండోస్‌లో నడిచే డ్రైవర్ కంపెనీ దగ్గర లేదని తేలితే, పాత డ్రైవర్ కూడా ఎక్కకపోతే, అప్పుడు మెషిన్ మార్చడం సబబే. ఆ రోజు షాపుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో పది హాల్‌టికెట్ల లాంటి పీడీఎఫ్, మీ సొంతవి పెట్టుకెళ్లండి. పిల్లలవి వద్దు. విండోస్ 11 ఉన్న కంప్యూటర్ నుంచి మీ కళ్ల ముందు ప్రింట్ తీయించి స్టాప్‌వాచ్ పెట్టండి. మోప్రియా సర్టిఫికేషన్ ఉందా అని అడగండి, అది ఉన్న మెషిన్లు విండోస్ క్లాస్ డ్రైవర్‌తో సరిగ్గా పనిచేసేలా తయారైనవి.

మళ్లీ విండోస్ 10కి వెళ్లిపోతే అనే ఆలోచన మీవారికి వచ్చే ఉంటుంది. మార్చిన 10 రోజుల లోపల అయితే సెట్టింగ్స్‌లోంచి సులువుగా వెనక్కి వెళ్లవచ్చు. కనుమ దాటి నెల పైన అయింది, ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు వెనక్కి వెళ్లాలంటే అంతా తుడిచి మొదటి నుంచి ఎక్కించుకోవాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. జనం బ్యాంకు వివరాలు కొట్టే కంప్యూటర్‌లో ఆ పని చేయమని నేను చెప్పలేను. అమ్మాయి లాప్‌టాప్‌ని పరీక్షల సీజన్ అయ్యేదాకా కౌంటర్‌లో పెట్టుకోవడం ఇంకో దారి. రెండు మూడు రోజులకైతే మంచి ఉపాయం, రేపు పొద్దున్నే హాల్‌టికెట్ల రద్దీ ఉంటే మొహమాటపడకుండా అదే చేయండి. కానీ అమ్మాయి చదువు దాని మీదే ఉంది, నెలల తరబడి వద్దు.

ఇక ఇంటి సంగతి. మీ తమ్ముడు చేసిన పని తప్పు కాదు. చేయాల్సిన పనే చేశాడు, మీ మంచి కోరి చేశాడు. మార్చాక ఒక ప్రింట్ తీసి టైం చూసుకుని ఉంటే బాగుండేది, అంతే. మీవారి కోపం కూడా నాకు అర్థమవుతోంది. ఎదురుగా గిరాకీ పక్క షాపుకి వెళ్తుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, ఎవరినో ఒకరిని అనాలనిపిస్తుంది. ఈ ఇద్దరి మధ్యా మీరు వాదించి గెలవాల్సిన పని లేదు. మీ మాట విననివాళ్లకి మాటతో కాదు, స్టాప్‌వాచ్‌తో చూపించండి. రాత్రి షాపు కట్టేశాక మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. టైం ఆయన చేతే రాయించండి. ముందు లాప్‌టాప్ నుంచి పది పేజీలు, తర్వాత షాపు కంప్యూటర్ నుంచి పది పేజీలు. ఆయన చేత్తో రాసిన అంకెలను ఆయన కాదనలేరు. "కొత్తది వద్దు" అని మొదలుపెట్టకండి, "ఫైనాన్స్ తీసుకునే ముందు నాలుగు రోజులు ఆగి ఇది చేసి చూద్దాం, బాగుపడకపోతే మీరన్నట్టే కొందాం" అనండి. ఆ మాట నిజంగానే అనండి, పైపైన వద్దు.

డ్రైవర్ మార్చే పనికి తమ్ముడికి మీరే ఫోన్ చేయండి. వీడియో కాల్‌లో ఒక్కో మెట్టూ చెబుతాడు, మీరు చేస్తారు, మీవారు చూస్తారు. అతను ఎక్కించిన విండోస్‌లో ఏ చోట ఏం మార్చాడో అతనికే బాగా గుర్తుంటుంది. బయటివాళ్లకి స్క్రీన్ ఇవ్వడం కంటే అది క్షేమం కూడా. అతను రాకపోయినా, ఎత్తకపోయినా మీరు ఆగిపోకండి. లాప్‌టాప్‌కి వైరు తగిలించి చూడాలన్న ఆలోచన వచ్చిన మనిషికి ఈ పని చేతకాకుండా ఉండదు.

అంతా అయ్యాక ఒక తెల్ల కాగితం మీద తేదీ, మోడల్ నంబరు, డ్రైవర్ పేరు, పోర్టు పేరు, పది పేజీలకు పట్టిన సెకన్లు రాసి మెషిన్ మూత లోపలి వైపు అంటించండి. పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ ఎక్కడుందో కూడా రాయండి. ఏదైనా పెద్ద అప్‌డేట్ తర్వాత మళ్లీ నెమ్మదించిందంటే ముందు ఆ కాగితం, ప్రింటర్ ప్రాపర్టీస్ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు మారి ఉంటే ఈసారి మెకానిక్‌ని పిలవకముందే మీకే తెలిసిపోతుంది.